ఆకుపచ్చ రాయి పసుపు రాయైతే: మా దిక్కు ఒక స్టేట్ హైవే కథ

రోడ్డు రద్దైంది అంటే మనకు ముందు ఏం గుర్తొస్తుంది? నడుమ గడ్డి మొలిచిన డాంబరు, కూలిన మోరీ, ఎవరూ పోని బాట. కానీ స్టేట్ హైవేలు చాలామట్టుకు అట్ల పోవు. రోడ్డు అక్కడే ఉంటుంది. దాని మీద బస్సు నడుస్తుంది, పత్తి ట్రాక్టర్ నడుస్తుంది, పక్కన హోటల్లో చాయ్ మరుగుతూనే ఉంటుంది. పోయేది పేరు ఒక్కటే. ఢిల్లీలో ఒక గెజిట్ వస్తుంది. ఆ రోజు నుంచి ఆ రోడ్డు రాష్ట్రానిది కాదు, కేంద్రానిది. కొన్నాళ్లకు ఎవరో పెయింటు డబ్బా పట్టుకొచ్చి కిలోమీటరు రాయి నెత్తి మీది ఆకుపచ్చ రంగు తీసేసి పసుపు రంగు వేస్తారు. స్టేట్ హైవే చరిత్ర అక్కడితో ముగిసినట్టే.

మా జైనూర్‌కు దగ్గర్లో ఇట్ల ముగిసిన రోడ్డు ఒకటుంది. మంచిర్యాల నుంచి ఆసిఫాబాద్ మీదుగా వాంకిడి దాటి మహారాష్ట్రలోకి పోయేది. ఇవ్వాళ దాన్ని ఎన్‌హెచ్ 363 అంటున్నం. ఈ వ్యాసంలో ఆ రోడ్డు కథ చెప్తూ, రోడ్డుకు హోదా మారితే నిజంగా ఏమేం మారుతాయో చూద్దాం. నేను సివిల్ బ్రాంచ్ కాబట్టి కొంచెం లెక్కలు కూడా ఉంటాయి. భయపడకండి, అన్నీ నోటి లెక్కలే.

రోడ్డుకు హోదా ఎవరిచ్చారు?

బ్రిటిష్ వాళ్ల కాలంలో పెద్ద పెట్టుబడంతా రైలు మీద పోయింది. మొదటి ప్రపంచ యుద్ధం తర్వాత మోటారు బండ్లు పెరిగినయి. అప్పుడు రోడ్ల సంగతి చూడమని 1927లో ఎం.ఆర్. జయకర్ అధ్యక్షతన ఒక కమిటీ వేశారు. ఆ కమిటీ సిఫారసుతోనే 1929లో పెట్రోలు పన్ను నుంచి కేంద్ర రోడ్ ఫండ్ వచ్చింది. 1934లో ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ పుట్టింది. మనం ల్యాబులోనూ పరీక్షలోనూ రోజూ తలచుకునే ఐఆర్‌సీ కోడ్లు ఈ సంస్థవే.

1943లో చీఫ్ ఇంజనీర్లందరూ నాగపూర్‌లో కూర్చొని దేశానికి ఇరవై ఏండ్ల రోడ్ల ప్రణాళిక గీశారు. అదే నాగపూర్ ప్లాన్. రోడ్లను ఐదు మెట్లుగా విడగొట్టింది అక్కడే: జాతీయ రహదారి, రాష్ట్ర రహదారి (అప్పటి మాటలో ప్రొవిన్షియల్ హైవే), జిల్లా పెద్ద రోడ్డు, జిల్లాలోని ఇతర రోడ్డు, ఊరి రోడ్డు. 1981 తర్వాత లక్నో ప్లాన్‌లో వీటిని మూడు గంపల్లో వేశారు గానీ, ఆ ఐదు పేర్లు ఇప్పటికీ వాడుకలోనే ఉన్నయి. కిలోమీటరు రాళ్ల రంగులు కూడా ఈ మెట్లను బట్టే ఉంటాయి. పసుపు జాతీయం, ఆకుపచ్చ రాష్ట్రం, నలుపో నీలమో అయితే జిల్లా, నారింజ అయితే ఊరి రోడ్డు.

రాజ్యాంగం వచ్చాక ఈ విభజనకు చట్టబలం దొరికింది. పార్లమెంటు చట్టం ప్రకారం జాతీయ రహదారిగా ప్రకటించినవి కేంద్ర జాబితాలో 23వ అంశం. మిగతా రోడ్లు, వంతెనలు రాష్ట్ర జాబితాలో 13వ అంశం. 1956 నాటి నేషనల్ హైవేస్ చట్టం రెండో సెక్షన్ ప్రకారం కేంద్రం గెజిట్ నోటిఫికేషన్‌తో ఏ రోడ్డునైనా జాతీయ రహదారిగా ప్రకటించవచ్చు, జాబితాలోంచి తీసేయనూ వచ్చు. అంటే మన రోడ్డుకు పైమెట్టు ఎక్కే దారీ ఉంది, దిగే దారీ ఉంది. దిగే సందర్భం ఎక్కువగా బైపాస్ పడ్డప్పుడు వస్తుంది. ఊరి బయట నుంచి కొత్త హైవే వేశాక, ఊరి లోపలి పాత ముక్కకు ఒక్కసారి రిపేరు చేయించి రాష్ట్రానికి అప్పజెప్తారు.

నంబర్లు ఎట్ల చదవాలి?

2010కి ముందు జాతీయ రహదారుల నంబర్లకు పెద్దగా వరస ఉండేది కాదు. నిర్మల్, ఆదిలాబాద్ మీదుగా హైదరాబాద్ నుంచి నాగపూర్ పోయే రోడ్డు ఏడో నంబరు. నిజామాబాద్ నుంచి జగిత్యాల, మంచిర్యాల, చెన్నూర్, సిరొంచ మీదుగా జగ్దల్‌పూర్ పోయేది పదహారు. విజయవాడ, విశాఖ మీదుగా పోయే కోస్తా రోడ్డు ఐదు.

2010లో అన్నీ మార్చేశారు. కొత్త సూత్రం సులభం. ఉత్తర దక్షిణాలుగా పోయేవాటికి సరిసంఖ్యలు, తూర్పు నుంచి పడమరకు పెరుగుతాయి. తూర్పు పడమరలుగా పోయేవాటికి బేసిసంఖ్యలు, ఉత్తరం నుంచి దక్షిణానికి పెరుగుతాయి. కొమ్మరోడ్లకు మూడంకెలు. చివరి రెండంకెలు తల్లిరోడ్డువి, మొదటి అంకె అది ఎన్నో కొమ్మో చెప్తుంది. ఈ లెక్కన పాత ఏడు 44లో కలిసింది. పాత పదహారు 63 అయింది. ఖాళీ అయిన పదహారు నంబరు కోస్తా రోడ్డుకు పోయింది. అందుకే మా దిక్కు పెద్దవాళ్లు "పదహారు" అంటే జగ్దల్‌పూర్ రోడ్డు, విజయవాడ నుంచి వచ్చిన నా రూమ్మేట్ "పదహారు" అంటే వాళ్ల ఇంటి ముందు రోడ్డు. ఇద్దరి మాటా నిజమే, కాలం వేరు.

ఇప్పుడు 363 చూడండి. చివర 63, ముందు 3. అంటే 63వ నంబరు రోడ్డుకు మూడో కొమ్మ. అట్లనే జగిత్యాల నుంచి కరీంనగర్, వరంగల్ మీదుగా ఖమ్మం పోయే 563 ఐదో కొమ్మ. నంబరు తెలిస్తే తల్లి ఎవరో తెలిసినట్టే. పాత స్టేట్ హైవే నంబర్లలో ఈ చుట్టరికం కనబడేది కాదు.

మంచిర్యాల నుంచి వాంకిడి దాకా

ఈ రోడ్డు మంచిర్యాల, మందమర్రి, బెల్లంపల్లి, తాండూర్, రెబ్బెన, ఆసిఫాబాద్, వాంకిడి వరసన పోతుంది. మ్యాపులో చూస్తే దాదాపు రైలు పట్టాల పక్కనే పోతున్నట్టుంటుంది. కారణం పాతదే. కాజీపేట, బల్లార్షా రైలు మార్గం 1929 నాటికి పూర్తయింది. ఢిల్లీ, మద్రాసుల నడుమ నేరుగా రైలు నడవడానికి ఈ ముక్కే కావాల్సి ఉండె. పట్టాల వెంట బొగ్గు గనులు, గనుల వెంట కాలనీలు, కాలనీల నడుమ రోడ్డు.

అయితే రైలు ఆసిఫాబాద్ ఊరిని తాకలేదు. స్టేషన్ రెబ్బెన దగ్గర పడింది, దానికి "ఆసిఫాబాద్ రోడ్" అని పేరు పెట్టిన్రు. మన దేశంలో స్టేషన్ పేరు చివర "రోడ్" ఉంటే, ఆ ఊరికి పోవాలంటే అక్కడ దిగి రోడ్డు పట్టాలని అర్థం. ఊరిని రైలుకు కలిపిన ఆ రోడ్డు ముక్క కూడా ఈ కథలో భాగమే. నిజాం రాజ్యంలో 1932లో రైల్వే శాఖ కిందనే 27 బస్సులతో సర్కారీ రోడ్డు రవాణా మొదలైంది. రైలు ఆగిన చోటి నుంచి బస్సు అందుకోవాలన్నది దాని ఆలోచన. మన ఆర్టీసీకి మూలం అదే.

1956లో రాష్ట్రాల పునర్విభజన జరిగినప్పుడు ఆదిలాబాద్ జిల్లాలోని రాజురా, కిన్వట్ తాలూకాలు అప్పటి బొంబాయి రాష్ట్రానికి పోయినయి. దీనితో ఒకే జిల్లా లోపల నడిచిన దారుల మీద రాష్ట్ర సరిహద్దు పడింది. ఇది స్టేట్ హైవేలకు ఉండే పుట్టుక లోపం. రాష్ట్ర రహదారి అంటేనే రాష్ట్రం అంచు దాకా. అవతల ఇంకో రాష్ట్రం, ఇంకో నంబరు, ఇంకో బడ్జెట్. చంద్రాపూర్ పోయే లారీకి ఒకటే దారి, కాగితం మీద మాత్రం రెండు వేర్వేరు రోడ్లు. సరిహద్దు దాటే స్టేట్ హైవేల్ని జాతీయ రహదారులుగా మార్చాలని అడగడానికి ముఖ్య కారణాల్లో ఇదొకటి.

ఆ మార్పు ఈ రోడ్డుకు కూడా వచ్చింది. 363 అయ్యాక మంచిర్యాల నుంచి రేపల్లెవాడ దాకా ఒక ప్యాకేజీ, అక్కడి నుంచి మహారాష్ట్ర సరిహద్దు దాకా ఇంకో ప్యాకేజీ, మొత్తం సుమారు 94 కిలోమీటర్లు నాలుగు వరసలుగా కట్టిన్రు. కొన్నిచోట్ల పాత రోడ్డు మీదే కొత్తది పడింది. కొన్నిచోట్ల కొత్తది పక్కకు జరిగింది, పాతది ఊళ్లో మిగిలింది. హైవే అన్న పేరు పోయి ఊరి వీధిగా మిగిలిన ముక్కలవి.

జైనూర్ ఎటు చూడాలి?

జైనూర్ ఆ హైవే మీద లేదు. మాది ఉట్నూర్ పీఠభూమి మీది ఊరు. మా నుంచి ఒక దారి ఉట్నూర్‌కు పోతుంది, అక్కడి నుంచి ఇంద్రవెల్లి, గుడిహత్నూర్, ఆదిలాబాద్. ఇంకో దారి కెరమెరి ఘాట్ దిగి ఆసిఫాబాద్‌కు పోతుంది, అక్కడ 363ని కలుస్తుంది. ఏ దారి ముఖ్యమన్నది ఆఫీసు ఎక్కడ ఉందన్న దాన్ని బట్టి మారుతూ వచ్చింది.

1872లో నిజాం సర్కారు ఈ ప్రాంతాన్ని సిర్పూర్ తాండూర్ అనే ఉపజిల్లాగా చేసింది. 1905లో అది పూర్తి జిల్లా అయింది. ఇరవయ్యో శతాబ్దం తొలి దశాబ్దాల్లో ఆసిఫాబాదే జిల్లా కేంద్రం. తర్వాత కేంద్రం ఆదిలాబాద్‌కు మారింది. అప్పటి నుంచి మా వాళ్ల కాగితం పనులన్నీ పడమర దిక్కుకే. తాలూకా ఉట్నూర్, జిల్లా ఆదిలాబాద్. పక్క మండలం పేరు సిర్పూర్ (యు) అని రాస్తారు కదా, ఆ "యు" అంటే ఉట్నూరే.

2016 అక్టోబర్ 11న కొత్త జిల్లాలు వచ్చినయి. జైనూర్ కుమురం భీం ఆసిఫాబాద్ జిల్లాలో పడింది, ఉట్నూర్ ఆదిలాబాద్‌లోనే ఉండిపోయింది. కలెక్టర్ ఆఫీసు తూర్పుకు పోయింది. గిరిజన సంక్షేమం చూసే ఐటీడీఏ మాత్రం ఉట్నూర్‌లోనే ఉంది. అంటే ఒకే ఇంటివాళ్లు ఒక పనికి ఘాట్ దిగాలి, ఇంకో పనికి ఉట్నూర్ పోవాలి. ఒక ఉత్తర్వుతో ఘాట్ రోడ్డు మా జిల్లా కేంద్రానికి దారైంది. రోడ్డు మాత్రం ఆ రాత్రికి రాత్రి వెడల్పు కాలేదు. పరిపాలన మ్యాపు సంతకంతో మారుతుంది, మలుపు మారాలంటే కొండ తవ్వాలి.

మలుపు దగ్గర హోదా

ఇక్కడ మన సబ్జెక్టు వస్తుంది. కొండ రోడ్లకు ఐఆర్‌సీ 52వ కోడ్ ఉంది. కొండ ప్రాంతంలో రూలింగ్ గ్రేడియంట్ 5 శాతం, అంటే ఇరవై మీటర్లు నడిస్తే ఒక మీటరు ఎక్కాలి. వంద మీటర్ల ఎత్తు ఎక్కాలంటే రెండు కిలోమీటర్ల రోడ్డు కావాలి. నేరుగా అంత పొడవు దొరకదు, అందుకే రోడ్డును మడతలు పెట్టి హెయిర్‌పిన్ మలుపులు చేస్తారు.

ఆ మలుపు లోపలి వంపుకు వ్యాసార్థం కనీసం 14 మీటర్లు, డిజైన్ వేగం గంటకు 20 కిలోమీటర్లు. ఇంతవరకు అన్ని రోడ్లకూ ఒకటే. కానీ మలుపు దగ్గర రోడ్డు వెడల్పు ఎంత ఉండాలన్నది హోదాను బట్టి మారుతుంది. జాతీయ, రాష్ట్ర రహదారి అయి రెండు వరసలుంటే 11.5 మీటర్లు, ఒక వరసైతే 9 మీటర్లు. జిల్లా రోడ్డు అయితే 7.5 మీటర్లు. ఊరి రోడ్డు అయితే 6.5 మీటర్లు. అదే కొండ, అదే బస్సు, అదే డ్రైవర్. కాగితం మీద రోడ్డుకు ఏం పేరు ఉందన్న దాన్ని బట్టి ఎదురుగా వచ్చే లారీకి నాలుగైదు మీటర్ల జాగా దొరుకుతుంది, లేదా దొరకదు. రాత్రిపూట నొప్పులు పడుతున్న మనిషిని ఎక్కించుకొని అంబులెన్సు ఘాట్ దిగుతున్నప్పుడు ఈ పట్టిక పరీక్షలో ఐదు మార్కుల ప్రశ్న కాదు.

ఇంకో సంగతి నేల. ఉట్నూర్ పీఠభూమి దక్కన్ ట్రాప్ రాయి, అంటే బసాల్ట్. అది కరిగితే నల్లరేగడి అవుతుంది. పత్తికి మంచిది, రోడ్డుకు చెడ్డది. వానకు ఉబ్బుతుంది, ఎండకు కుదించుకుపోయి పగుళ్లిస్తుంది. పైన ఎంత మంచి డాంబరు పోసినా కింద నేల ఊపిరి తీసుకున్నట్టు లేస్తూ పడుతూ ఉంటే రోడ్డు నిలవదు. మొరం పరచడం, సున్నంతో నేలను గట్టిపరచడం, నీళ్లు పక్కకు పోయేటట్టు కాలువలు తీయడం, ఇవన్నీ ఖర్చు. తూర్పున ఆసిఫాబాద్, బెల్లంపల్లి దిక్కు నేల వేరు. అక్కడ బొగ్గున్న ఇసుకరాయి పొరలు ఉంటాయి. భూగర్భశాస్త్రంలో వాటిని గోండ్వానా పొరలంటారు. ఆ పేరు గోండుల దేశం నుంచి వచ్చిందే. ప్రపంచమంతా చదివే గోండ్వానా ఖండం అన్న మాట కూడా అక్కడి నుంచి పుట్టిందే.

పేరు మారితే చట్టం మారుతది

రోడ్డు హోదా మారితే దానికి కావాల్సిన భూమి కూడా మారుతుంది. మైదానంలో ఊళ్ల బయట జాతీయ, రాష్ట్ర రహదారులకు మామూలుగా 45 మీటర్ల వెడల్పు భూమి కావాలని ఐఆర్‌సీ చెప్తుంది. జిల్లా పెద్ద రోడ్డుకు 25, ఊరి రోడ్డుకు 12. కిలోమీటరు పొడవుకు లెక్కేస్తే వరసగా 4.5 హెక్టార్లు, 2.5 హెక్టార్లు, 1.2 హెక్టార్లు. మన ఎకరాల్లో దాదాపు పదకొండు, ఆరు, మూడు. కొండ ప్రాంతంలో ఇవి తగ్గి 24, 18, 9 మీటర్లవుతాయి.

ఇప్పుడు దీన్ని 2006 అటవీ హక్కుల చట్టం పక్కన పెట్టండి. ఆ చట్టం మూడో సెక్షన్ ప్రకారం బడి, అంగన్‌వాడీ, రోడ్డు లాంటి అవసరాలకు గ్రామసభ సిఫారసు చేస్తే అడవి భూమి ఇవ్వవచ్చు. షరతులు రెండు: ఒక్కో పనికి హెక్టారు లోపే ఉండాలి, హెక్టారుకు 75 చెట్లకు మించి కొట్టొద్దు. కొండ మీది ఊరి రోడ్డు 9 మీటర్ల వెడల్పు అనుకుంటే ఒక హెక్టారులో సుమారు 1,100 మీటర్ల రోడ్డు వస్తుంది. వాగు అవతలి గూడేనికి అది చాలొచ్చు. అదే హైవే కొలతతో 24 మీటర్లు పెడితే 416 మీటర్లకే హెక్టారు అయిపోతుంది. అప్పుడు గ్రామసభ దారి చాలదు, 1980 అటవీ సంరక్షణ చట్టం కింద పెద్ద అనుమతులకు పోవాలి. మా చుట్టుపక్కల అడవికి ఇంకో బరువు కూడా ఉంది. కవ్వాల్ 2012లో టైగర్ రిజర్వ్ అయింది, తాడోబా నుంచి పులులు వచ్చేది ఆసిఫాబాద్ అడవుల మీదుగానే. కాబట్టి గూడేనికి రోడ్డు అడిగేటప్పుడు "పెద్ద రోడ్డు కావాలె" అనడం కన్నా "ఏ మెట్టు రోడ్డు కావాలె" అని అడగడం తెలివైన పని.

భూసేకరణలో కూడా ఇదే సంగతి. జైనూర్ షెడ్యూల్డ్ ఏరియా. 2013 భూసేకరణ చట్టం 41వ సెక్షన్ షెడ్యూల్డ్ ప్రాంతాల్లో వీలైనంతవరకు భూమి తీసుకోవద్దని, తప్పనిసరైతే గ్రామసభ సమ్మతి ఉండాలని చెప్తుంది. కానీ అదే చట్టం నాల్గో షెడ్యూల్లో కొన్ని పాత చట్టాల పేర్లున్నయి. ఆ చట్టాల కింద భూమి తీసుకుంటే సేకరణ పద్ధతి వాటిదే. నేషనల్ హైవేస్ చట్టం అందులో ఉంది. పరిహారం లెక్క మాత్రం 2015 నుంచి కొత్త చట్టం ప్రకారం ఇవ్వాలి. అంటే రాయి మీద రంగు మారినప్పుడు, పక్క చేనుకు వర్తించే పద్ధతి కూడా మారుతుంది. కిలోమీటరు రాయిని చూసి ఈ సంగతి ఎవరూ ఊహించరు.

రోడ్డు తెచ్చింది, రోడ్డు తీసుకుపోయింది

ఇక్కడిదాకా చదివి "అయితే జైనూర్‌కు కూడా హైవే వస్తే అయిపోతది కదా" అనొచ్చు. మా దిక్కు చరిత్ర అంత సులభంగా ఒప్పుకోదు.

1940లో జోడేఘాట్‌లో కుమురం భీం చనిపోయాక, గోండుల కష్టం ఏమిటో తెలుసుకోమని నిజాం సర్కారు హైమన్‌డార్ఫ్ అనే ఆస్ట్రియా మానవశాస్త్రవేత్తను పంపింది. ఆయన, ఆయన భార్య బెట్టీ ఎలిజబెత్ ఉన్న ఊరు మార్లవాయి. అది ఇప్పుడు జైనూర్ మండలంలోనే ఉంది. 1943లో అక్కడ గోండు ఉపాధ్యాయులకు శిక్షణ మొదలైంది. ఆయన 1945లో నిజాం సర్కారుకు గిరిజన వ్యవహారాల సలహాదారు అయ్యాడు. ఆ కాలంలో ఆదివాసులకు లక్షన్నర ఎకరాలకు పైగా భూమికి పట్టాలు దొరికినయి. దంపతులిద్దరి సమాధులు మార్లవాయిలో ఉన్నయి.

ఆయన ముప్పై ఏండ్ల తర్వాత మళ్లీ వచ్చి చూసి, 1982లో "ట్రైబ్స్ ఆఫ్ ఇండియా: ది స్ట్రగుల్ ఫర్ సర్వైవల్" అనే పుస్తకం అచ్చేశాడు. అందులో మా ప్రాంతం గురించి ఆయన చెప్పిన ముఖ్యమైన సంగతి ఇది: రాకపోకలు సులభమైన కొద్దీ బయటి నుంచి వ్యాపారులు, వడ్డీ ఇచ్చేవాళ్లు, భూమి కోసం వచ్చినవాళ్లు పెరిగారు, గోండుల చేతిలోని భూమి జారిపోయింది. అడ్డుకోవడానికి చట్టాలు లేక కాదు. షెడ్యూల్డ్ ప్రాంతాల భూబదిలీని నియంత్రించే 1959 నాటి రెగ్యులేషన్ ఉంది, దాన్ని 1970లో మరింత గట్టిగా సవరించారు. అయినా రోడ్డు ఎక్కి వచ్చిన మార్కెట్ వేగం, ఫైలు ఎక్కి వచ్చిన చట్టం వేగం ఒకటి కాలేదు. 1981 ఏప్రిల్ 20న ఇంద్రవెల్లిలో కాల్పులు జరిగిన సభ కూడా భూమి గురించి పెట్టుకున్నదే.

రోడ్డు వద్దని ఈ చరిత్ర చెప్పదు. దారి లేని గూడేల్లో జ్వరం వస్తే మంచం మీద మోసుకొచ్చే కష్టం చూసినవాళ్లెవరూ ఆ మాట అనరు. 2000లో మొదలైన ప్రధానమంత్రి గ్రామ సడక్ యోజన మైదానంలో 500 జనాభా ఉన్న ఆవాసాలకు రోడ్డు అంటే, గిరిజన, కొండ ప్రాంతాల్లో 250 జనాభాకే రోడ్డు అన్నది. ఆ సడలింపు అవసరం నుంచే పుట్టింది. రోడ్డు వచ్చే ముందు భూమి కాగితం, గ్రామసభ తీర్మానం, ఇంటింటికీ పట్టా ఖాయం కావాలి. రోడ్డు ముందు వచ్చి, కాగితం తర్వాత వస్తే నడుమ ఉన్న ఖాళీలో భూమి పోతుంది. మా పీఠభూమి మీద జరిగింది అదే.

66 నంబరు ముచ్చట

పేరు పోయిన రోడ్డు అనగానే ప్రపంచంలో అందరికీ గుర్తొచ్చేది అమెరికాలో రూట్ 66. 1926లో షికాగో నుంచి కాలిఫోర్నియా దాకా నంబరిచ్చారు, దాదాపు 3,900 కిలోమీటర్లు. తర్వాత పక్కనుంచే ఇంటర్‌స్టేట్ హైవేలు పడ్డయి. ముక్కముక్కగా ట్రాఫిక్ పోయి 1985లో ఆ నంబరునే జాబితా నుంచి తీసేశారు. టెక్సస్, న్యూ మెక్సికో సరిహద్దులోని గ్లెన్‌రియో లాంటి ఊళ్లు మొత్తం ఖాళీ అయినయి. ఆ ఊళ్లు బతికిందే పోయే బండ్ల మీద.

మన దగ్గర అట్ల జరగదు. ఆసిఫాబాద్, రెబ్బెన, వాంకిడి లాంటి ఊళ్లకు చేనుంది, సంత ఉంది, గని ఉంది. బైపాస్ పడితే ఊరు చావదు, ఊరిలోని కొందరి బతుకు పక్కకు జరుగుతుంది. పాత రోడ్డు మీద పంక్చర్ షాపు, టిఫిన్ బండి, కూరగాయల గంప పెట్టుకున్నవాళ్లకు నాలుగు వరసల రోడ్డు మీద చోటుండదు. అక్కడ బండి ఆగదు కాబట్టి. వేగం ఎక్కినవాడికి లాభం, ఆగినవాడి దగ్గర అమ్ముకునేవాడికి నష్టం. ఈ నష్టానికి ఏ చట్టంలోనూ పరిహారం పట్టిక లేదు. మనం తర్వాత ఇంజనీర్లమై ఒక డీపీఆర్ మీద పని చేసేటప్పుడు, ట్రాఫిక్ సర్వేలో బండ్లను లెక్కపెట్టినట్టే ఆగే మనుషుల్ని కూడా లెక్కపెట్టాలని నేను అనుకుంటున్న.

మీ ఊరి రోడ్డును చదవండి

ఈ పాఠం నుంచి మీరు ఇంటికి తీసుకుపోవాల్సింది నాలుగు ప్రశ్నలు. సంక్రాంతి సెలవుల్లో ఊరికి పోయినప్పుడు ప్రయత్నించండి.

ఒకటి, మీ ఊరి దగ్గర కిలోమీటరు రాయి రంగేమిటి? పెయింటు పెచ్చు లేచిన చోట కింద ఇంకో రంగు కనబడుతుందా? కనబడితే ఆ రోడ్డుకు రెండు జీవితాలున్నట్టు.

రెండు, రోడ్డు ఎవరి చేతిలో ఉంది? పంచాయతీరాజ్, ఆర్ అండ్ బీ, కేంద్రం, ఈ మూడింట్లో ఎవరన్నది తెలిస్తే గుంత పడ్డప్పుడు దరఖాస్తు ఎవరికి రాయాలో తెలుస్తుంది. తప్పు ఆఫీసుకు రాసిన దరఖాస్తు ఎంత బాగా రాసినా వృథా.

మూడు, ఆ రోడ్డు ఎందుకు పుట్టింది? రైలు స్టేషన్ కోసమా, గని కోసమా, కలప కోసమా, జాతర కోసమా, కచేరీ కోసమా? ఇప్పుడు ఎందుకు వాడుతున్నరు? ఈ రెండు జవాబుల నడుమ తేడానే మీ ఊరి చరిత్ర.

నాలుగు, రోడ్డు వచ్చాక పక్క భూములు ఎవరి పేరు మీద ఉన్నయి? ఇది అడగడానికి కొంచెం కష్టమైన ప్రశ్న. అందుకే అడగాలి.

ఈ నాలుగింటికి జవాబులు మీ తాత, నానమ్మ దగ్గర సగం దొరుకుతాయి, మిగతా సగం మండలాఫీసులో దొరుకుతాయి. రాసి క్లబ్‌కు పంపండి, వచ్చే సంచికల్లో వేసుకుందాం. వరంగల్ వాళ్లు 563 గురించి రాయొచ్చు. కోస్తా మిత్రులు ఐదు నంబరు పదహారైన కథ రాయొచ్చు. నిర్మల్ వాళ్లకైతే ఏడు నంబరు 44 అయిన కథ ఇంటి ముందే ఉంది. జైనూర్ నుంచి ఆసిఫాబాద్ దిగే దారి మాత్రం ఇంకా ఘాట్ మలుపుల్లోనే ఉంది. దానికి ఏ రంగు రాయి రావాలో నిర్ణయించే రోజున, ఆ రంగుతో పాటు ఏ చట్టం వస్తుందో, చేను అంచు ఎక్కడికి జరుగుతుందో తెలిసినవాళ్లు మా గ్రామసభలో నలుగురైనా కూర్చొని ఉండాలె.